కెరటాల దారిలో పాత హోల్డెన్

ఆస్ట్రేలియాలో సర్ఫింగ్ చేసేవాళ్లు ఇప్పటికీ ముచ్చటపడి నడుపుకునే పాత కార్లలో హోల్డెన్ ఈహెచ్ ఒకటి. 1963 ఆగస్టులో వచ్చిన ఈ మోడల్ ఏడాదిన్నరలోనే 2.5 లక్షలకు పైగా తయారైంది. నిజానికి ఇది పిల్లాపాపలతో ప్రయాణించే సంసారుల కారు. అయితే అప్పటికే అక్కడి కుర్రకారుకు అలల పిచ్చి పట్టుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సమయంలో అమెరికా లైఫ్‌గార్డులు తెచ్చిన తేలికైన మాలిబు బోర్డులు ఆ మోజును రాజేశాయి. 1964లో సిడ్నీ దగ్గరి మాన్లీ తీరంలో జరిగిన ప్రపంచ పోటీల్లో ఆ దేశం వాడే అయిన మిడ్జెట్ ఫారెలీ గెలిచాడు.

ఆ బోర్డుల పొడవు 9 అడుగుల పైమాటే. కారులో పట్టవు, టాప్ మీదికే ఎక్కాలి. పాత సెడాన్ అక్కరకొచ్చేది ఇక్కడే. దాని టాప్ అంచున రెండు పక్కలా వాన నీరు జారడానికి రేకు గాడి ఉంటుంది. క్యారియర్ కాళ్లను ఆ గాడికి బిగిస్తే సరిపోతుంది. ఇప్పటి కార్లకు ఆ గాడి లేదు, మోడల్‌కో రకం బిగింపు కొనాలి. బోర్డును బోర్లించి, రెక్క పైకి లేచి ముందు వైపున ఉండేలా పెట్టి పట్టీలతో కడతారు. పట్టీకి ఒక మెలిక వేయడం మరిచిపోతే గాలికి అది దారి పొడవునా రొద పెడుతుంది.

ఇంజిన్‌కు ఎర్ర రంగు వేయడంతో ‘రెడ్ మోటార్’ అన్న పేరు స్థిరపడింది. వరసగా 6 సిలిండర్లు, సామర్థ్యం 2.4 లేదా 2.9 లీటర్లు. దీనికి ముందటి ఇంజిన్‌లో 4 బేరింగుల మీద తిరిగిన క్రాంక్‌షాఫ్ట్‌కు ఇందులో 7 ఉన్నాయి. అందుకే మన్నిక ఎక్కువ. బానెట్ ఎత్తితే చెయ్యి దూర్చడానికి బోలెడంత చోటు. గేరు రాడ్ స్టీరింగ్ పక్కనే, ముందు సీటు బల్లలా ఒకటే. తొలినాళ్ల అంబాసిడర్ ఎక్కినవాళ్లకు ఈ సుఖం తెలుసు. గేర్లు మూడే అయినా, టాప్ గేరులో నెమ్మదిగా వెళ్తున్నా ఇంజిన్ మొరాయించదు. 243 కిలోమీటర్ల గ్రేట్ ఓషన్ రోడ్ మీద, పక్కనే సముద్రాన్ని చూసుకుంటూ పోవడానికి ఇది చక్కని తోడు.

రోజూ వాడాలంటే కొన్ని మార్పులు తప్పవు. ఒకప్పటి పెట్రోలులోని సీసం వాల్వ్ సీట్లు అరగకుండా కాపాడేది. 2002 నుంచి అక్కడ ఆ పెట్రోలు లేదు కాబట్టి గట్టి లోహపు సీట్లు వేయిస్తారు. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే గనక, ముందు చక్రాలకు డిస్కులు పెట్టించుకోవడం తెలివైన ఖర్చు. ఎన్ని చేసినా ప్రమాదం జరిగితే కొత్త కారు ఇచ్చే రక్షణ ఇది ఇవ్వలేదు. ముందు బండికి దూరంగా ఉండటమే మార్గం. విక్టోరియా రాష్ట్రంలో పాత కార్లకిచ్చే చవక క్లబ్ పర్మిట్ మీద ఏడాదికి 45 లేదా 90 రోజులే నడపాలి. నిత్యం తిప్పేవారికి పూర్తి రిజిస్ట్రేషన్ తప్పదు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు ఉప్పు. తడి వెట్‌సూట్ డిక్కీలో పడేస్తే కారిన ఉప్పునీరు చాప కిందికి చేరి రేకును తినేస్తుంది. సూట్‌ను ప్లాస్టిక్ టబ్బులో పెట్టాలి. తలుపుల అడుగున నీరు పోవడానికి సన్నటి రంధ్రాలు ఉంటాయి. ఇసుకతో అవి పూడితే నీరు లోపలే నిలిచి, తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. పైన పెయింట్ పొంగేసరికి రేకు సగం పోయినట్టే. తీరం నుంచి రాగానే అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగి, ఆ రంధ్రాల్లో ఒక పుల్ల ఆడిస్తే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది.