చమురు ఒలికినప్పుడు: నేలకొక తీరు, నీటికొక తీరు

చమురు ఒలికినదన్న వార్త చెవినిబడగానే చదువరుల మనస్సులో సముద్రము మెదలును. బద్దలైన ఓడ, నల్లబారిన కెరటములు, రెక్కలు తడిసి ఎగురలేని పక్షులు! సముద్రమునకు ఎంతో దూరముననున్న ఉప్పల్, నాచారములకు ఆ గొడవ ఏల యని తోచుట సహజమే. కాని ఆ రెండు పేటలలో చమురు సోకని వీథి యేది? పారిశ్రామిక వాడల యంత్రములు, జనరేటర్లు, మోటారు మరమ్మతు షెడ్లు, పెట్రోలు బంకులు, చర్లపల్లి నిల్వ కేంద్రములకు వచ్చిపోవు ట్యాంకరు లారీలు, అన్నియు చమురుతో నడచునవే. ఇచ్చట అది ఒక్కమారుగా వేల టన్నులు ఒలుకదు. డబ్బా చొప్పున, పీపా చొప్పున ఒలుకును. ఒలికినదానిపై గొట్టముతో నీళ్లు కొట్టి కాలువలోనికి త్రోసివేయుట వాడుకగా మారినది. షెడ్డు శుభ్రమగును. చమురు మాత్రము అంతటితో మాయము కాదు, ప్రయాణము మొదలుపెట్టును.

ఈ ప్రాంతపు వాలు మూసీ నది వైపునకు. 2020 అక్టోబరు వానలలో హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్ కాలనీలు నీట మునిగినప్పుడు నీటి దారి యేదో అందరికి తెలిసివచ్చినది. కాలువ, నాలా, చెరువు, అలుగు, నది. నీరు నడచు ఆ దారియే చమురు దారి. అయితే ఒక్కొక్క మజిలీలో దాని నడత వేరు. ఒకచోట పనికివచ్చిన ఉపాయము మరొకచోట అపకారమగును.

మొదట నిలిచిన నీటిని చూతము. తరగతిలో చేయదగిన లెక్క యొకటి కలదు. ఒక లీటరు చమురు మిల్లీమీటరులో వెయ్యవ వంతు మందమున పరచుకొన్నచో వెయ్యి చదరపు మీటర్లను కప్పును. అనగా ఇంచుమించు పావు ఎకరము! నీటికిని గాలికిని నడుమ ఆ పొర పరదాయై నిలుచును. కాని చెరువులో ఒక అనుకూలము కూడ కలదు: చమురు గాలి తోసిన వైపునకే చేరును. కనుక గాలి ఎటు వీచుచున్నదో చూచి, ఆ ఒడ్డున తేలియాడు అడ్డుకట్ట వేయవలెను. దీనినే బూమ్ అందురు. పిదప తెట్టును తోడివేయవలెను. మిగిలిన పలుచని పొరకు బూరుగు దూది మంచిది. దాని పోగుపై సహజమైన మైనపు పూత ఉన్నందున అది నీటిని అంటక చమురును పీల్చును. వరిగడ్డియు పనికివచ్చును గాని, అది నీటిని కూడ త్రాగి మునిగిపోవును, అంతకుముందే తీసివేయవలెను.

సబ్బునీరు చల్లినచో తెట్టు కంటికి కనబడకుండ పోవును. అదియే మోసము. చమురు చిన్న చిన్న బిందువులై నీటిలో కలసి చేపల మొప్పలకు చేరును. లోతైన నడిసముద్రమున, నిపుణుల అనుమతితో, అట్టి ద్రావకములను వాడుట కలదు. అచ్చట పలుచబడుటకు నీరు అపారము. లోతు తక్కువైన చెరువునకు ఆ వైద్యము పనికిరాదు. 1967 మార్చిలో ఇంగ్లండు నైరృతి తీరమున టోరీ కేనియన్ అను ఓడ రాళ్లకు తగిలినప్పుడు తీరమును డిటర్జెంట్లతో కడిగిరి. కడిగిన రాళ్లపై ప్రాణికోటి తేరుకొనుటకు కడుగని రాళ్లకన్న ఎన్నో ఏండ్లు ఎక్కువ పట్టినది. 1978లో ఫ్రాన్సు దేశపు బ్రిటనీ తీరమున అమోకో కాడిజ్ ఓడ పగిలినప్పుడు బురద నేలలపై యంత్రములు దింపి మట్టిని గీకివేసిరి. అచ్చటను అట్లే జరిగినది: చేయి వేయని భాగములే ముందు పచ్చబడినవి. చెరువు అంచున తుంగ, జమ్ము మొలచిన బురదను త్రొక్కి చమురును లోపలికి దిగద్రొక్కరాదనుటకు ఈ అనుభవము చాలును.

నాలా సంగతి వేరు. ప్రవాహవేగము సెకనుకు సుమారు 35 సెంటీమీటర్లు మించెనా, అడ్డముగా కట్టిన బూమ్ క్రిందినుండి చమురు జారిపోవును. అందుచే దానిని ఏటవాలుగా కట్టి, చమురును ఒడ్డుననున్న గుంటకు మళ్లింతురు. చిన్న కాలువ యైనచో మట్టి బస్తాలతో కట్ట వేసి, అందులో ఏటవాలుగా గొట్టములు అమర్చుదురు. ఎగువ నోరు నీటి అడుగునను, దిగువ నోరు కొంత ఎత్తునను ఉండును. అడుగు నీరు పారిపోవును, పైని చమురు కట్ట వెనుక నిలిచిపోవును. చెరువు తూమునెరిగిన పల్లెవాసికి ఇది క్రొత్త విద్య కాదు. వరద వచ్చినచో మాత్రము ఈ ఉపాయములేవియు ఆగవు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వేళ మద్రాసు చెంత మణలి ప్రాంతపు చమురు వరదతో కలసి ఎన్నూరు కయ్యలోనికి చేరినది. పడవలకు, వలలకు, ఇండ్ల గోడలకు పట్టిన ఆ జిడ్డును జాలరులు మగ్గులతో, బకెట్లతో ఎత్తిపోసిరి.

పెట్రోలు విషయమున ఇంకొక హెచ్చరిక. దానిని అడ్డగించి ఒకచోట పోగుచేయుటయే ప్రమాదము. ఆవిరి గాలికన్న బరువు. మురుగు గుంతలలో దిగి నిప్పురవ్వకై కాచుకొనియుండును. అట్టిచోట విద్యార్థులు చేయదగినది దూరముగా తొలగి 112కు తెలుపుట మాత్రమే.

ఇక నేల. కంటికి కనబడనిది కనుక ఎక్కువ కష్టము ఇచ్చటనే. ఉప్పల్, నాచారముల అడుగున ఎర్రమట్టి, మొరము, దాని క్రింద గ్రానైటు. రాయి చమురును పీల్చదు గాని, దాని పగుళ్లు త్రాగును. దిగిన చమురు భూగర్భజలముపై తేలును. దానిలోని బెంజీను వంటివి నీటిలో కరగును. చెంతనున్న బోరు తోడుచున్నకొలది అవి ఆ బోరు వైపునకే నడచును. పగులు ఎటు పోవునో పైనుండి చెప్పుట సులభము కాదు. నేలలోనికి విద్యుత్తును పంపి, దాని నిరోధమును కొలిచి, పగుళ్ల జాడ తీయు విద్య యొకటి కలదు. ఆ విద్యకు ఆలవాలమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడినది. అది ఉప్పల్ రోడ్డుననే ఉన్నది!

కనుక నేలపై మొదటి గంటయే అమూల్యము. కారుచోటు మూసి, చుట్టు మట్టిగట్టు వేసి, ఇసుకగాని రంపపు పొట్టుగాని చల్లి ఎత్తివేయవలెను, నీరు పోయరాదు. లోనికి దిగినంతవరకు మట్టిని త్రవ్వి, నీరు దిగని పరుపుపై పలుచగా పరచి, నత్రజని, భాస్వరము గల ఎరువు కలిపి, తడిపి, తరచు తిరుగవేసినచో మట్టిలోని సూక్ష్మజీవులే చమురును తినివేయును. నెలలు పట్టును. ఎత్తిన పొట్టును, వాడిన ఇంజిను నూనెను చెత్తకుప్పలో వేయరాదు. 2016 నాటి అపాయకర వ్యర్థముల నిబంధనల ప్రకారము వాడిన నూనెను అనుమతి పొందిన శుద్ధిదారులకే అప్పగింపవలెను. షెడ్డు మూలను మూతగల పీపా ఒకటి, పొట్టు బస్తా ఒకటి ఉంచుటకు అయ్యెడు ఖర్చు స్వల్పము.