పాదం కింద పలికే ఫార్ములా

గిటార్‌తో ‘వా... వా...’ అనిపించే పెడల్‌కి 1966లో అమెరికన్ ఇంజినీర్ బ్రాడ్ ప్లంకెట్ రూపమిచ్చారు. లోపల ఉండేది ఓ కాయిల్, కెపాసిటర్లు, రెండు ట్రాన్సిస్టర్లు, పాదంతో తిరిగే వాల్యూమ్ నాబ్ లాంటి పాట్. బీటెక్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన రెజొనెన్స్ సర్క్యూటే!

నేను కట్టుకున్న పెడల్ మరీ కీచుమనేది. కొత్తది కొనాలంటే వేలు. అందుకే స్వరాన్ని శాసించే 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ తీసి, 0.022ది సోల్డర్ చేశా. ఖర్చు పది రూపాయల లోపే. ఫార్ములా ప్రకారం ఫ్రీక్వెన్సీ దాదాపు మూడింట రెండొంతులకి దిగాలి. దిగింది! కీచుగొంతు కాస్తా గంభీరమైంది.

ఆఫీసులో నేను రాసే కోడ్ ఎక్కడో సర్వర్లో నడుస్తుంది. ఇది మాత్రం నా చెవికి వినిపించింది. మీ పాత పెడల్ నచ్చట్లేదా? అమ్మేయకండి. బ్యాటరీ తీసేసి, ఓసారి మూత విప్పి చూడండి.