ఏప్రిల్‌లో మొరాయించే బండి

అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్ లాంటి మంచు రాష్ట్రాల్లో నవంబరులో గ్యారేజీలో పెట్టేసిన మోటారు సైకిల్‌ను మళ్లీ ఏప్రిల్ దాకా బయటికి తీయరు. పాత కార్బొరేటర్ బండి అయితే అసలు ఇబ్బంది అప్పుడే మొదలవుతుంది. చోక్ లాగితే స్టార్టవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. చాలామంది వెంటనే కార్బొరేటర్ స్క్రూలు తిప్పేస్తారు. నవంబరులో చక్కగా నడిచిన బండిలో స్క్రూ దానంతటది తిరగదు కదా! ఈ ఐదు నెలల్లో పాడైంది పెట్రోలు.

కార్బొరేటర్ అడుగున ఫ్లోట్ గిన్నెలో కాస్త పెట్రోలు నిలవుంటుంది. అందులో తేలిగ్గా ఆవిరయ్యే భాగం ముందే పోతుంది. మిగిలినది గాలిలోని ఆక్సిజన్ తగిలి బంకగా మారుతుంది. ఇంజను స్లోలో ఉన్నప్పుడు పెట్రోలు అందించే స్లో జెట్ రంధ్రం చాలా బళ్లలో అర మిల్లీమీటరు కూడా ఉండదు. ముందు మూసుకుపోయేది అదే. చోక్ వేస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది కాబట్టి ఆ లోటు కాసేపు బయటపడదు.

అమెరికా పెట్రోలు బంకుల్లో ఎక్కువగా దొరికేది 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు మోతాదు మించితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. 15 శాతం కలిపిన దాన్ని మోటారు సైకిళ్లకు వాడకూడదని అక్కడి పర్యావరణ సంస్థ నిషేధించింది.

లోపం ఎక్కడుందో యాక్సిలరేటరే చెబుతుంది. స్లోలోనూ, కొద్దిగా తిప్పినప్పుడూ ఆగిపోతుంటే స్లో జెట్‌ను చూడాలి. సగం తిప్పినప్పుడు తడబడితే కార్బొరేటర్ సూదిని, పూర్తిగా తిప్పినా వేగం అందుకోకపోతే మెయిన్ జెట్‌ను పరీక్షించాలి. పెట్రోలు బయటికి కారుతుంటే ఫ్లోట్ వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదన్నమాట.

అమెరికాలో 1978 మోడళ్ల నుంచి మోటారు సైకిళ్లకు కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. వాటిని అందుకోవడానికి కంపెనీలు పెట్రోలు పాలు తగ్గించాయి. అందుకే అలాంటి బళ్లలో జెట్‌లో కొంచెం బంక పట్టినా ఇంజను తట్టుకోలేదు.

డెన్వర్‌లో మాత్రం కథ తిరగబడుతుంది. సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున్న ఆ ఊళ్లో గాలి దాదాపు 15 శాతం పలచన. మైదానంలో సరిచేసిన జెట్ అక్కడ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ప్లగ్ మసిబారుతుంది. అప్పుడు చిన్న జెట్ వేయాలి.

జెట్‌ను ఊడదీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనబడాలి. అంచున గోధుమరంగు పొర ఉంటే కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టాలి. ఇనుప తీగ మాత్రం గుచ్చొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు.

మన దేశంలో 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త బళ్లు దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. కానీ అంతకుముందు కొన్న కార్బొరేటర్ బళ్లు మన ఊళ్లలో ఇంకా ఎన్నో తిరుగుతున్నాయి, మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. బండిని నెలల తరబడి ఇంట్లో వదిలి వెళ్లేవారు పెట్రోల్ కాక్ కట్టేసి, ఫ్లోట్ గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, ఉన్నదంతా ఒక సీసాలోకి దింపేయాలి.