రెండో సబ్‌వూఫర్ కొంటున్నారా? ఎక్కడ పెట్టాలో ముందు చూసుకోండి

రెండో సబ్‌వూఫర్ పెడితే బాస్ డబుల్ అవుతుందనుకుని నేనూ కొన్నాను. రెండింటినీ టీవీకి చెరోపక్క పెట్టాను. సౌండ్ పెరిగింది కానీ, గది మధ్యలో ఉన్న సోఫాలో బాస్ పల్చగానే ఉంది. వెనక గోడ దగ్గర కుర్చీలో మాత్రం దద్దరిల్లుతోంది. డబ్బులు దండగ అనిపించింది.

తప్పు సబ్‌వూఫర్‌ది కాదు, గదిది. మా హాలు పొడవు 14 అడుగులు. అంత పొడవులో దాదాపు 40 హెర్ట్జ్ సౌండ్ ఎదురెదురు గోడలకు తగిలి తిరిగొస్తూ, గోడల దగ్గర బలంగా, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నాగా మారుతుంది. అక్కడ వాల్యూమ్ ఎంత పెంచినా పెద్దగా లాభం లేదు.

అందుకే ఒకదాన్ని ముందు గోడ మధ్యలో, రెండోదాన్ని వెనక గోడ మధ్యలో పెట్టాను. రెండూ ఒకే ఫేజ్‌లో ఉంటే ఆ 40 హెర్ట్జ్ హెచ్చుతగ్గులు చాలావరకు పోతాయి. ఇప్పుడు సోఫాలోనూ, కుర్చీలోనూ బాస్ ఇంచుమించు ఒకేలా ఉంది. వెనక్కి కేబుల్ లాగడమే అసలు తలనొప్పి!

రిసీవర్‌లో సబ్ అవుట్‌పుట్ ఒక్కటే ఉంటే వై-స్ప్లిటర్ చాలు. రెండింటి గెయిన్ సమానంగా ఉంచండి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. ఆటో కాలిబ్రేషన్ మాత్రం మళ్లీ రన్ చేయాల్సిందే, లేదంటే పాత సెట్టింగులతోనే వింటుంటారు. కుదిరితే రెండూ ఒకే మోడల్ తీసుకోండి.