చింపాంజీలకు పింఛను ఎవరివ్వాలి?

నరసరావుపేటలోనైనా, మాచర్ల, గురజాలల్లోనైనా ప్రభుత్వాసుపత్రిలో బిడ్డ పుడితే ఇరవై నాలుగు గంటల్లోపు తొడకు ఒక సూది వేస్తారు. అది హెపటైటిస్-బి టీకా. ఆ తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్‌లో కలిపి మళ్లీ అదే మందు ఇస్తారు. టీకాల కార్డులో తేదీ పడుతుంది, తల్లి కార్డు మడిచి బీరువాలో పెట్టుకుంటుంది, అక్కడితో ఆ సంగతి మరిచిపోతాం. ఈ టీకా అనగానే తెలుగువాళ్లకు వరప్రసాద్ రెడ్డి గారు గుర్తొస్తారు. ఆయన 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, 1997లో శాన్‌వాక్-బి పేరుతో దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసే) హెపటైటిస్-బి టీకాను తెచ్చారు. విదేశీ టీకా ధర చూసి వెనక్కి తగ్గిన ఇళ్లకు కూడా అది అందింది. గర్వంగా చెప్పుకోవలసిన కథే. కాకపోతే ఈ కథకు ముందు భాగం ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరూ చెప్పుకోరు.

హెపటైటిస్-బి వైరస్ ఎలుకకు సోకదు, కుందేలుకూ సోకదు. మనిషికి సోకినట్టే సోకేది చింపాంజీకి. అందుకే 1970లలో టీకా పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి చింపాంజీలకు ముందు టీకా వేసి, ఆ తర్వాత వైరస్ ఎక్కించి చూశారు. 1981లో అమెరికాలో అనుమతి పొందిన తొలి టీకాను మనుషుల రక్తం నుంచే తయారుచేశారు కాబట్టి, అందులో బతికున్న వైరస్ లేదని రూఢి చేసుకోవడానికీ వీటినే వాడారు. హెపటైటిస్-సి పరిశోధన అయితే చాలావరకు చింపాంజీల మీదే నడిచింది. రోగుల రక్తం ద్వారా ఆ జబ్బు చింపాంజీలకు అంటుతుందని 1978లో హార్వే ఆల్టర్ బృందం చూపింది. 1989లో మైకేల్ హౌటన్ బృందం వైరస్‌ను గుర్తించింది. ఆ వైరస్ ఒక్కటే జబ్బుకు కారణమని 1997లో చార్లెస్ రైస్ నిరూపించింది కూడా చింపాంజీల కాలేయంలోనే. ముగ్గురికీ 2020లో నోబెల్ వచ్చింది. వాళ్ల ప్రతిభ మీద నాకు సందేహమేమీ లేదు. కానీ అవతలివైపు కూడా చూడాలి. పెద్ద చింపాంజీకి అమెరికా చట్టం విధించిన కనీస బోను అయిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. కాలేయం ముక్క కావాలంటే మత్తు సూది తుపాకీతో కొట్టి పడగొట్టేవారు. ఇలా ఏళ్ల తరబడి గడిపిన చింపాంజీలున్నాయి.

ప్రయోగం ముగిసినా చింపాంజీ ముగిసిపోదు. మనిషి పోషణలో అది యాభై, అరవై ఏళ్ల దాకా బతకగలదు. ఉద్యోగంలో చేర్చుకున్నప్పుడే పింఛను లెక్క వేసుకోని యజమానిని మనం ఏమంటాం? పరిశోధనకూ అదే లెక్క వర్తించాలన్నది నా వాదన. తర్వాతి పోషణ ప్రయోగం ఖర్చులో భాగం, జాలిపడి ఇచ్చే దానం కాదు. ఈ సంగతి అమెరికా ఆలస్యంగానైనా ఒప్పుకుంది. ప్రయోగాలు ముగిసిన చింపాంజీల పోషణ కోసం 2000 డిసెంబరులో చింప్ చట్టం చేసింది. 2005 నుంచి లూసియానాలోని కీత్‌విల్ దగ్గర, పైన్ చెట్ల మధ్య ‘చింప్ హేవెన్’ అనే వాటి ఆశ్రయం నడుస్తోంది. నిర్వహణ ఖర్చులో ముప్పాతిక వంతు ప్రభుత్వానిది, పావు వంతు విరాళాలది. 2011లో అమెరికా వైద్య నిపుణుల సంఘం, చింపాంజీల మీద జరుగుతున్న పరిశోధనల్లో ఎక్కువ భాగం అనవసరమని తేల్చింది. 2015లో ప్రభుత్వ పరిశోధనా సంస్థ వాటిని పూర్తిగా మానుకుంది.

చట్టం లేని చోట ఏమవుతుందో లైబీరియా చూపించింది. న్యూయార్క్ బ్లడ్ సెంటర్ 1974లో అక్కడ ప్రయోగశాల పెట్టి, ఏళ్ల తరబడి హెపటైటిస్ పరిశోధనలు చేసింది. పని ముగిశాక చింపాంజీలను నదిలోని ఆరు దీవుల మీద ఉంచారు. దీవుల్లో తాగడానికి పనికొచ్చే నీళ్లు లేవు, చింపాంజీకి ఈత రాదు. పడవలో తిండి వస్తేనే బతుకు. పడవ కనబడగానే అవి నడుములోతు నీళ్లలోకి దిగి, పళ్ల కోసం చేతులు చాచేవి. 2015లో ఆ సంస్థ డబ్బు ఆపేసింది. అవి లైబీరియా ప్రభుత్వ ఆస్తి, మాకు సంబంధం లేదంది. ఎబోలాతో చితికిపోయిన దేశం మీదికి అరవైకి పైగా ప్రాణులను నెట్టేసింది. అక్కడి పనివాళ్లు, జంతు సంరక్షణ సంస్థలు ఆదుకున్నారు. చివరికి 2017లో 60 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఆ సంస్థ ఒప్పుకుంది.

అడవిలో వదిలేస్తే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. కోటప్పకొండ మీది కోతులను చూసే మనకు ఆ ప్రశ్న రావడం సహజమే. కానీ బోనులో పుట్టిన చింపాంజీకి ఏ కాయ తినాలో తెలియదు, తనవాళ్లెవరో తెలియదు. కొత్తగా వచ్చినదాన్ని అడవి గుంపు మగవి చంపేయవచ్చు. పైగా దాని ఒంట్లో మనం ఎక్కించిన వైరస్ ఉండవచ్చు. నొప్పి లేకుండా చంపేయవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. తీరని బాధలో ఉన్నదానికి అది సబబే. ఆరోగ్యంగా ఉన్నదాన్ని తిండి ఖర్చు కలిసొస్తుందని చంపడం మాత్రం వేరే సంగతి. ఇక బలమైన అభ్యంతరం డబ్బు గురించి. పల్లెల్లో మంచినీళ్లకే దిక్కులేదు, చింపాంజీలకు ఖర్చేమిటి అని. నిజమే, ఆ నీళ్ల డబ్బు తీసి చింపాంజీలకు పెట్టమంటే నేనూ ఒప్పుకోను. కానీ ఇక్కడ అడుగుతున్నది ప్రయోగం వల్ల లాభపడినవాళ్లని. పైగా ఇది తరిగిపోయే ఖర్చు. అమెరికా ప్రభుత్వ సంస్థ చింపాంజీల సంతానోత్పత్తిని 1995లోనే ఆపేసింది కాబట్టి ఏడాదికేడాది వాటి సంఖ్య తగ్గుతూనే ఉంది.

మన దేశ ప్రయోగశాలల్లో చింపాంజీలు లేవు కదా, మనకెందుకీ గొడవ అనుకోవచ్చు. కోతులున్నాయి. 1978లో రీసస్ కోతుల ఎగుమతిని నిషేధించేదాకా వాటిని లెక్కకు మిక్కిలిగా విదేశీ ప్రయోగశాలలకు పంపింది మనమే. 2020లో హైదరాబాద్ భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్‌ను పరీక్షించింది పుణెలో, మహారాష్ట్ర అడవుల్లో పట్టిన ఇరవై రీసస్ కోతుల మీద. విశేషమేమిటంటే, ఈ విషయంలో మన నియమం చాలా దేశాల కంటే ముందుంది. జంతు ప్రయోగాల నియంత్రణకు 1998లో చేసిన నియమాలను తర్వాత సవరించి, ప్రయోగానంతర సంరక్షణ, పునరావాసాల ఖర్చును పరిశోధన ఖర్చులో కలపాలనీ, బాధను గ్రహించే శక్తి జంతువుకు ఎంత ఎక్కువైతే ఆ ఖర్చు అంత పెరగాలనీ రాశారు. మంచి మాట. అయితే అది అమలవుతోందా లేదా అన్నది జనానికి కనబడాలి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ కంపెనీలూ, ఐసీఎంఆర్ సంస్థలూ ఏటా మూడు అంకెలు ప్రకటించాలి: ఎన్ని జంతువుల మీద ప్రయోగం ముగిసింది, వాటిలో ఎన్నింటికి ఎక్కడ ఆశ్రయం ఇచ్చారు, అందుకు ఎంత ఖర్చయింది. పార్లమెంటులో అడిగితే ప్రభుత్వం జవాబు చెప్పక తప్పదు. ఈ మూడు అంకెల కోసం నరసరావుపేట ఎంపీకి ఒక ఉత్తరం రాయండి.