రంగము కూలీలు నేర్పిన పాఠము

కాకినాడ రేవున, కూలీలను కుదుర్చు మేస్త్రీ యిచ్చిన బయానా మూటగట్టుకొని స్టీమరెక్కి, బంగాళాఖాతమును దాటి బర్మాలోని ‘రంగము’నకు (రంగూనుకు) కూలికి పోయిన గోదావరి, విశాఖ మండలముల తెలుగువారి చరిత్ర, పలుజాతులు కలిసి బ్రదుకు దేశమున సమానత్వ మెట్లుండవలెనో యెరుగగోరువారు తప్పక తెలిసికొనదగినది. కోరంగి రేవు పేరున ‘కోరంగీలు’ అనిపించుకొన్న యీ శ్రమజీవులే రంగూన్ మిల్లులలో ధాన్యమును, రేవులో ఓడసరుకును మోసిరి. 1931 జనగణన నాటికి ఆ నగరవాసులలో సగముకంటె నెక్కువమంది భారతీయులే.

1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి పెంపునకై సమ్మె చేయగా, సరుకు దింపించు గుత్తదారులు బర్మా కూలీలను పనిలో పెట్టుకొనిరి. సమ్మె పరిష్కారము కాగానే వారిని పొమ్మని, తెలుగువారిని మరల పిలిచిరి. ఒకే పనికై ఎదురుపడిన రెండు పేదజాతుల నడుమ రేగిన ఆ కలహము నగరమెల్ల వ్యాపించి నూరుమందికి పైగా ప్రాణములు గొనెను. ఇరువురి ఆకలికిని కారణమైన కూలివ్యవస్థ మాత్రము చెక్కుచెదరలేదు.

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశమునుండి వేరైనప్పుడు, 1935 నాటి చట్టము అచటి ప్రతినిధిసభలోని 132 స్థానములలో కరెను జాతివారికి 12, భారతీయులకు 8, ఐరోపావారికి 3 ప్రత్యేకించి పెట్టెను. భారతీయుని భారతీయులే యెన్నుకొనుటచే బర్మా నాయకునికి కోరంగీ వోటుతో పని లేకపోయెను. భారతీయ సభ్యునికి బర్మా రైతు మన్ననతో పని లేకపోయెను. స్థానము దొరకెనేగాని సఖ్యము దొరకలేదు. 1938లో మరల అల్లరులు చెలరేగెను. 1942లో జపాను దండయాత్రకు వెరచి లక్షలమంది భారతీయులు అరకాను, మణిపురము దారుల కాలినడకన తరలిరి. 1982 నాటి పౌరసత్వ చట్టము 1823కు పూర్వము స్థిరపడిన జాతులకే పెద్దపీట వేయుటచే, అచటనే పుట్టిపెరిగిన భారతీయ సంతతివారిలో పలువురి హక్కు నేటికిని సందేహగ్రస్తమే.

భారతదేశము వేరుదారి త్రొక్కెను. 1932 నాటి పూనా ఒడంబడిక వేసిన బాటలో అమలాపురము లోకసభ స్థానమున పోటీచేయువారు షెడ్యూల్డు కులములవారే కావలెను, కాని వోటు సర్వజనులది. కావున గెలువగోరువాడు ప్రతి వీధి తలుపును తట్టక తప్పదు. ఆ వర్గము మెచ్చినవాడు గాక ఇతరులు మెచ్చినవాడే నెగ్గునేమోయన్న అంబేద్కరు శంక నేటికిని విచారింపదగినదే. అయినను, ఒకరికొకరు జవాబుదారులు కాని జాతుల నడుమ ఎన్ని స్థానములు పంచినను సమానత్వము నిలువదని బర్మా చరిత్ర ఘోషించుచున్నది.

ఈ పాఠము మనకును వర్తించును. ఒడిశా, బీహారులనుండి మన కోస్తాకు కూలికి వచ్చువారిలో పెక్కుమంది వోటు స్వగ్రామముననే యుండుటచే, వారి బస, కూలి, వైద్యములను గూర్చి యిచట అడుగువాడు అరుదు. పరాయి నేలపై తెలుగు కూలికి మనము కోరిన న్యాయమును మన నేలపై వారికి కలిగించుట మన ధర్మము.