వీణకు విమానంలో చోటేదీ?

అమెరికా ప్రయాణమంటే మన ఇళ్లల్లో వారం ముందునుంచే తూకాలు మొదలవుతాయి. ఆవకాయ, కారప్పొడులు, కొత్త చీరలు... సాధారణంగా పెట్టెకు 23 కిలోలు, అలాంటివి రెండు. అరకిలో ఎక్కువైతే చీర తీసేస్తాం గానీ ఆవకాయ తియ్యం కదా! ఆ హడావిడిలో అమ్మాయి పదేళ్లు నేర్చుకున్న వీణ సంగతి ఎవరికీ పట్టదు. పెళ్లిచూపుల్లో గొప్పగా చెప్పుకున్న ఆ వీణే చివరికి ఏ పటమట ఇంట్లోనో గది మూల గుడ్డ కప్పుకుని ఉండిపోతుంది.

నిజానికి చిక్కు బరువుతో కాదు, కొలతతో. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు మించకూడదని చాలా విమాన సంస్థల నియమం. వీణ పొడవే సుమారు నాలుగడుగులు. గట్టి పెట్టెలో పెడితే మొత్తం రెండు వందలు దాటిపోతుంది. ఇక అదనపు రుసుము తప్పదు. విదేశాల్లో సముద్రపు అలల మీద ఆడే సర్ఫింగ్ పలకలకు ఆటసామాను కింద విడిగా నియమాలు రాసిపెట్టారు. మన వీణను చూస్తే మాత్రం ‘గిటారా?’ అంటారు! అందుకే టిక్కెట్టు కొనేముందే కొలతలు పంపి, ఎంత కట్టాలో రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. గన్నవరం నుంచి ఢిల్లీకో హైదరాబాదుకో విడిగా టిక్కెట్టు కొంటే ఇంకో తంటా. దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా 15 కిలోలకే అనుమతి. మొత్తం ప్రయాణం ఒకే టిక్కెట్టు మీద ఉంటే నయం.

అమెరికా విమాన సంస్థలు కొలతలన్నీ కలిపి 150 అంగుళాల లోపున్న వాద్యాన్ని సామానుగా తీసుకోవలసిందేనని 2015లో అక్కడ నిబంధన అమల్లోకి వచ్చింది. డబ్బు వసూలు చెయ్యవద్దని మాత్రం అనలేదు!

డబ్బు సరే, వీణ గతి? దాని 24 మెట్లూ నిలిచేది మైనం మీద. మన మే నెల ఎండకు మైనం మెత్తబడి మెట్టు కాస్త జరిగిందా, శ్రుతి పోయినట్టే. పరాయి ఊళ్లో మేళం కట్టేవాళ్లను ఎక్కడ వెతుకుతాం? అమ్మమ్మగారి వీణ అయితే మరీ కష్టం. దానికి దంతపు పనో, జింక కొమ్ము పనో ఉంటే దేశం దాటనివ్వరు. వందేళ్లు దాటిందంటే 1972 నాటి పురావస్తు చట్టం అడ్డొస్తుంది. పాతది ఇంట్లోనే ఉంచి, నూజివీడులోనో బొబ్బిలిలోనో కొత్తది చేయించుకోవడమే మేలని నా ఉద్దేశం. విడదీసి సర్దుకునే వీణలూ వచ్చాయి. బెంగుళూరు రాడెల్ వారి ఎలక్ట్రానిక్ వీణ అలాంటిదే. పనసకర్ర నాదానికి అలవాటుపడ్డ చెవికి అది ఆనుతుందా అంటే, నాకైతే ఆనలేదు.

ఉన్న వీణనే తీసుకెళ్లదలిస్తే తీగలు వదులు చెయ్యండి. చిన్న బుర్రను మర తిప్పి ఊడదీసి విడిగా చుట్టండి. సందుల్లో పాత నూలు చీరలు కుక్కండి. దిగిన చోటే పెట్టె తెరిచి చూసుకోవాలి. దెబ్బ తగిలి ఉంటే అక్కడే చెప్పి, ఏడు రోజుల్లోగా ఫిర్యాదు రాసివ్వాలి. ఆలస్యమైతే పరిహారం మాట మరచిపోవలసిందే.

బరువు ఇంకా మిగిలింది కదా అని ఆ పెట్టెలో ఆవకాయ సీసా మాత్రం పెట్టకండేం!